ఆయిల్ కూలర్ ఉంచాలా, తీసేయాలా: ఒక సుజుకి జీఎస్1000 కేస్ స్టడీ

పాత ఎయిర్ కూల్డ్ (గాలితో చల్లబడే) మోటార్‌సైకిళ్ళు బాగుచేసేవాళ్ళకు తరచూ వినిపించే కోరిక ఒకటుంది: "ఇంజిన్ బాగా వేడెక్కుతోంది, ఒక ఆయిల్ కూలర్ బిగించండి." ఆయిల్ కూలర్ అంటే ఇంజిన్ ఆయిల్‌ను తనలోంచి తిప్పి గాలికి చల్లబరిచే చిన్న రేడియేటర్. ఈ కేసులో అది అప్పటికే బండి మీద ఉంది. అయినా ఇంజిన్ వేడెక్కుతోంది. పైగా చలికాలంలో ఆయిల్ తెల్లగా నురగ కడుతోంది. అది ఆయిల్ తగినంత వేడెక్కకపోతే కనిపించే లక్షణం. ఒకే బండిలో రెండు వ్యతిరేక లక్షణాలు కనిపించడమే ఈ కేసును రాసిపెట్టేలా చేసింది.

బండి సుజుకి జీఎస్1000. 1978లో వచ్చిన మోడల్, 997 సీసీ, వరసగా నాలుగు సిలిండర్లు, సిలిండరుకు రెండు వాల్వులు. కంపెనీ దీన్ని ఆయిల్ కూలర్ లేకుండానే అమ్మింది. ఈ బండి మీద ఉన్నది పాత యజమానుల్లో ఎవరో విడిగా కొని బిగించుకున్నది. ఇప్పటి యజమాని రోజూ పది కిలోమీటర్ల దూరంలోని ఉద్యోగానికి దీని మీదే వెళతారు. సెలవుల్లో వెనక మనిషినీ, సామానునూ పెట్టుకుని ఘాట్ రోడ్లెక్కుతారు. ఈ రెండు వాడకాలూ ఇంజిన్‌ను చెరో వైపు లాగుతాయి. రోగ నిర్ణయంలో ఇది చాలా ముఖ్యమైన సంగతి.

ఆయన చెప్పిన ఫిర్యాదులు ఇవి. చలి ఉదయాల్లో స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ లైటు వెంటనే ఆరడం లేదు. క్లచ్ కవరు మీది గాజు కిటికీలోంచి చూస్తే ఆయిల్ పాలు కలిపినట్టు కనిపిస్తోంది. ఎండాకాలంలో ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్‌లో టకటకమనే నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి మండే శబ్దం) వస్తోంది, లాగుడు తగ్గిపోతోంది. ఆయన అనుమానం చిన్న కూలర్ వేడిని ఆపలేకపోతోందని. "ఇంతకంటే పెద్దది వేయిద్దామా అండీ?" అని అడిగారు. ఏది వేసినా, ఏది తీసినా ముందు కొలిచి చూద్దామన్నాను.

ఈ ఇంజిన్‌లో ఆయిల్ పని ఎలా సాగుతుందో ముందు చెప్పుకోవాలి. అది తెలియకుండా కూలర్ గురించి మాట్లాడటం వృథా. జీఎస్1000 క్రాంక్‌షాఫ్ట్ రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది. వాటికి ఆయిల్ ధారాళంగా అందాలి గానీ, ఎక్కువ ప్రెషర్‌తో అందనక్కర్లేదు. అందుకే వేడెక్కిన ఇంజిన్‌లో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు అర కిలోను మించదు. ప్లెయిన్ బేరింగులతో (రోలర్లు లేకుండా ఆయిల్ పొర మీదే తిరిగేవి) వచ్చిన 1969 నాటి హోండా సీబీ750 లాంటి ఇంజిన్లలో ప్రెషర్ దీనికి ఎన్నో రెట్లుంటుంది. అంత ప్రెషర్ ఉన్నచోట కూలర్ పెట్టే అడ్డు పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు. ఇక్కడ అలా కాదు. ఉన్నదే కొద్ది ప్రెషర్, అందులో కొంత కూలర్ గొట్టాలూ సన్నని దారులూ తినేస్తే సిలిండర్ల పైనుండే హెడ్డులో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులకు అందేది తగ్గుతుంది. క్యామ్‌లు తిరిగేది రోలర్ల మీద కాదు, నేరుగా అల్యూమినియం మీద. చమురు పొర లేకపోతే ముందుగా అరిగేది అవే.

కూలర్‌ను ఎలా బిగించారో చూస్తే మొదటి రెండు ఫిర్యాదులకూ సగం జవాబు దొరికింది. ఫిల్టరు మూత స్థానంలో ఒక అడాప్టరు పెట్టి, ఆయిల్ మొత్తాన్నీ కూలర్‌లోంచి తిప్పి వెనక్కి తెచ్చారు. వేడెక్కాకే ఆయిల్‌ను కూలర్‌లోకి వదిలే థర్మోస్టాట్ లేదు. అంటే ఆయిల్ చల్లగా ఉన్నా, మరుగుతున్నా కూలర్ గుండా పోవాల్సిందే. అంతకంటే కీడు చేసే సంగతి, గొట్టాల కనెక్షన్లు కూలర్ అడుగు వైపున ఉన్నాయి, కూలరేమో హెడ్డుకు ఎదురుగా ఎత్తులో ఉంది. రాత్రంతా బండి నిలబడితే కూలర్‌లోని ఆయిల్ మెల్లగా సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పంపు మొదట ఖాళీ కూలర్‌ను నింపాలి, ఆ తర్వాతే బేరింగులకు ఆయిల్ వెళ్ళాలి. పైగా అందులో పోసింది 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ (చివరి అంకె వేడిలో ఆయిల్ చిక్కదనపు గ్రేడు). చలిలో అది చిక్కగా ఉంటుంది, కూలర్ సన్నదారుల్లో మరీ నెమ్మదిగా కదులుతుంది. లైటు ఆలస్యంగా ఆరడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. కూలర్ బిగించాల్సే వస్తే కనెక్షన్లు పైవైపుకు ఉండాలి. అప్పుడు గాలి బయటికి పోతుంది, ఆయిల్ లోపల నిలుస్తుంది.

ఒక గొట్టం ఫ్రేము గొట్టానికి రాసుకుని పైపొర అరిగి ఉంది. ఇది చిన్న విషయం కాదు. ఆ గొట్టం పగిలితే ఆయిల్ పడేది వెనక టైరు మీద.

కొలతల విషయంలో ఒక మాట. ఇంజిన్ ఫిన్ల (వేడిని గాలికి వదిలే పలచని లోహపు రెక్కలు) మీదికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టి "ఇంత వేడి" అని తేల్చేయడం చాలామందికి అలవాటు. మెరిసే అల్యూమినియం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను తక్కువగా వెదజల్లుతుంది, అందుకే ఆ మీటరు అసలు వేడికంటే బాగా తక్కువ చూపిస్తుంది. పక్కనే ఉన్న నలుపు రంగు భాగం మీదికి తిప్పితే అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. లోహం వేడి మారలేదు, ఉపరితలం మారిందంతే. కాబట్టి నేను రెండుచోట్ల థర్మోకపుల్ (తాకించి వేడిని కొలిచే సెన్సార్) పెట్టాను. ఒకటి డ్రెయిన్ బోల్టులోంచి సంప్ ఆయిల్‌లోకి, ఇంకొకటి మూడో సిలిండరు స్పార్క్ ప్లగ్గు వాషరు కింద. లోపలి సిలిండర్లు రెండోదీ, మూడోదీ. బయటి వాటికంటే వాటికి గాలి తక్కువ అందుతుంది, ముందు వేడెక్కేవి అవే.

పోల్చి చూడటానికి కూలర్‌ను కొన్నిసార్లు తెరిచే ఉంచి, కొన్నిసార్లు దాని గొట్టాలను ఒకదానికొకటి కలిపేసి నడిపాం. అట్టముక్క అడ్డంపెట్టి కొలిస్తే చాలదు. అట్ట గాలిని ఆపుతుంది గానీ ఆయిల్ కూలర్‌లోంచి తిరుగుతూనే ఉంటుంది, కూలర్ ఇంజిన్‌కు అడ్డంగానే ఉంటుంది.

చలి ఉదయం ఉద్యోగానికి వెళ్ళే దారిలో, కూలర్ పనిచేస్తుండగా, గమ్యం చేరేసరికి ఆయిల్ 60 డిగ్రీలు దాటలేదు. కూలర్ లేకుండా అదే దారిలో 84. వెచ్చని రోజున గంటకు 90 కిలోమీటర్ల నిలకడ వేగంలో కూలర్‌తో 78, లేకుండా 102. ట్రాఫిక్‌లో పాకుతూ నడిపితే కూలర్‌తో 113, లేకుండా 117. బరువుతో ఘాట్ ఎక్కితే కూలర్‌తో 110, లేకుండా 127.

ఈ అంకెల్లో నన్ను ఆలోచింపజేసినవి ట్రాఫిక్ అంకెలు. కూలర్ అవసరమని జనం ఎక్కువగా అనుకునేది ట్రాఫిక్‌లోనే. అక్కడ దాని వల్ల వచ్చింది నాలుగు డిగ్రీల తేడా. కారణం తేలికే: కూలర్ కూడా గాలికి ఎదురు నిలిచే మరో ఫిన్ల కట్టే. బండి కదలకపోతే దానికీ గాలి ఆడదు. గాలి బాగా ఆడే హైవే మీద అది ఏకంగా 24 డిగ్రీలు తగ్గించింది. కానీ అక్కడ 102 డిగ్రీలంటే ఆయిల్‌కు హాయిగా ఉండే వేడి. తగ్గించాల్సిన పనే లేదు. నిజంగా ఉపయోగపడింది ఒక్క ఘాట్ మీద.

ప్లగ్గు కింది అంకె మరో కథ చెప్పింది. ఘాట్ ఎక్కేటప్పుడు మూడో సిలిండరు దగ్గర 210 డిగ్రీల పైకి పోయింది. కూలర్ ఉన్నా, లేకపోయినా అది పెద్దగా తగ్గలేదు. ఇంజిన్ వేడిని పోగొట్టుకోలేకపోవడం ఇక్కడ అసలు సమస్య కాదని అర్థమైంది. అది అవసరానికి మించి వేడిని పుట్టిస్తోంది.

జీఎస్ బళ్ళు నడిపేవాళ్ళకు తెలిసిన పాత జబ్బు ఒకటుంది. కార్బ్యురేటర్లను హెడ్డుకు కలిపే రబ్బరు బూట్ల వెనక, హెడ్డుకు ఆనుకునే చోట ఒక్కో ఓ-రింగ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది రాయిలా గట్టిపడి, చదునైపోయి, గాలిని లోపలికి వదులుతుంది. ఐడిల్‌లో నడుస్తుండగా బూట్ల మొదట్లో కార్బ్యురేటర్ క్లీనర్ కొద్దిగా చల్లితే రెండో, మూడో సిలిండర్ల దగ్గర ఇంజిన్ వేగం మారింది. బూట్లు విప్పితే ఓ-రింగులు గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. లెక్కలోకి రాని గాలి వచ్చి కలిసినప్పుడు మిశ్రమం పలచబడుతుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్లను మొదటినుంచీ కాస్త చిక్కటి మిశ్రమంతోనే నడిపిస్తారు, ఎందుకంటే అదనపు పెట్రోలు ఆవిరవుతూ దహన గదిని చల్లబరుస్తుంది. ఆ రక్షణ ఇక్కడ లేకుండా పోయింది.

రెండో కారణం ఇగ్నిషన్. ఇవి పాయింట్లతో (స్పార్కు కోసం కరెంటును తెంపే యాంత్రిక స్విచ్చులు) నడిచే బళ్ళు. వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపే పని బరువులూ స్ప్రింగులూ ఉన్న యాంత్రిక అడ్వాన్సర్‌ది. టైమింగ్ లైటు పెట్టి చూస్తే ఇంజిన్ ఎంత తిప్పినా గుర్తు పూర్తి అడ్వాన్స్ వరకు రావడం లేదు. అడ్వాన్సర్ ఇరుసు మీద గ్రీజు ఎండిపోయి అంటుకుపోయింది. స్పార్కు ఆలస్యమైతే మంట పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు కూడా మండుతూ ఉంటుంది. పనిగా మారాల్సిన వేడి ఎగ్జాస్ట్ వాల్వుకూ, పోర్టుకూ, హెడ్డుకూ పోతుంది. లాగుడు తగ్గిందన్న ఫిర్యాదుకు ఇదే కారణం. నాకింగ్‌ను సాధారణంగా ఎక్కువ అడ్వాన్స్‌తో ముడిపెడతారు. ఇక్కడ నాకింగ్ పుట్టించింది పలచని మిశ్రమమూ, దాని వల్ల మండిపోతున్న హెడ్డూ. ఇలాంటి బండిలో శబ్దం విని స్పార్కును ఇంకా వెనక్కి జరిపితే హెడ్డు వేడి మరింత పెరుగుతుంది.

ఓ-రింగులు మార్చాం, అడ్వాన్సర్‌ను శుభ్రపరిచి గ్రీజు పెట్టాం, పాయింట్ల గ్యాపూ టైమింగూ సరిచేశాం, వాల్వు క్లియరెన్సులు చూశాం, నాలుగు కార్బ్యురేటర్లనూ సమం చేశాం. ఫిన్ల మధ్య ఎండిన మట్టీ ఆయిల్ కలిసి కట్టిన పొరలను గీకి కడిగాం. సిలిండర్ల మీద ఎవరో దట్టంగా వేసిన నలుపు రంగు పెచ్చులు లేచిపోతుంటే దాన్నీ తీసేశాం. నలుపు వేడిని బాగా వెదజల్లుతుందన్నది నిజమే, కానీ కదిలే బండి మీద వేడిని మోసుకుపోయేది ముఖ్యంగా గాలి. పలచటి నలుపు పూత కొంత మేలు చేయవచ్చు. లోహానికీ గాలికీ మధ్య గోడలా నిలిచే మందపాటి పూత చెరుపే చేస్తుంది.

మళ్ళీ కొలిచాం, ఈసారి కూలర్ గొట్టాలు కలిపేసి ఉంచి. హైవే మీద ఆయిల్ 97, ట్రాఫిక్‌లో 111, ఘాట్ మీద 118. మూడో సిలిండరు ప్లగ్గు దగ్గర ఘాట్ మీద 190కి దిగువకు వచ్చింది. నాకింగ్ లేదు. అంతకుముందు కూలర్ పని చేస్తున్నప్పటి కంటే ఇప్పుడు అది లేకుండా ట్రాఫిక్‌లో ఆయిల్ కాస్త చల్లగా ఉంది.

తర్వాత కూలర్‌నే పూర్తిగా విప్పి పక్కన పెట్టి హైవే మీద నడిపాం. ఆయిల్ వేడిలో తేడా లేదు. ప్లగ్గు దగ్గర ఇంకో ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తగ్గింది. కూలర్ వేలాడుతున్నది సరిగ్గా రెండో, మూడో సిలిండర్ల హెడ్డుకు ఎదురుగా. గాలి ఎక్కువగా కావాల్సిన చోటికి అది గాలిని రానివ్వడం లేదు. వచ్చిన గాలి కూడా ఆయిల్ వేడిని మోసుకుని వస్తోంది. అంటే ఆయిల్‌ను అక్కర్లేనంత చల్లబరచడానికి హెడ్డు మూల్యం చెల్లిస్తోంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌లో హెడ్డు కంటే విలువైనదేముంది?

ఇక పాల రంగు సంగతి. కొంతమంది యజమానులు "చల్లగా ఉంటే మంచిదే కదా" అంటారు. ఆయిల్ విషయంలో ఆ మాట తప్పు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు పుడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంత పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. చోక్ వేసి నడిపే చల్లని ఇంజిన్‌లో కాలని పెట్రోలు కూడా దానితో దిగుతుంది. ఆయిల్ తగినంత వేడెక్కి, అలా కొంతసేపు నిలిస్తే ఈ రెండూ ఆవిరై బ్రీదర్ (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే గొట్టం) దారిన బయటికి పోతాయి. 60 డిగ్రీలు దాటని ఆయిల్‌లో అవి పేరుకుంటాయి. నీరు ఆయిల్‌తో చిలకబడి ఆ తెల్లని నురగ అవుతుంది, దహనంలో పుట్టే ఆమ్లాలతో కలిసి లోహాన్ని తింటుంది. పెట్రోలు ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఒక్కోసారి పది కిలోమీటర్లే నడిచి ఆగే బండికి చల్లని ఆయిల్ నెమ్మదైన విషం. ఈ మాట నేను ఎంత గట్టిగానైనా చెబుతాను.

పైవైపు హద్దు కూడా ఉంది. ఆయిల్ వేడి పెరిగేకొద్దీ ఆక్సీకరణ వేగంగా సాగుతుంది. పది డిగ్రీలకు ఆ వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలోని మోటు లెక్క. సంప్‌లో 90 నుంచి 110 మధ్య ఉంటే నాకు నిశ్చింత. 120 దాకా అప్పుడప్పుడు వెళ్ళినా భయం లేదు. 130 దాటి నిలబడితే మాత్రం కారణం వెతకాలి. కారణాలన్నీ సరిచేశాక కూడా అక్కడే ఉంటే కూలర్ గురించి ఆలోచించాలి. ఈ బండి ఘాట్ మీద 118 దగ్గర ఆగింది.

ఆయిల్ కూడా మార్చాం. కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-40 పోశాం, తడి క్లచ్‌కు పనికొచ్చే జాసో ఎంఏ2 (జపాన్ ఆయిల్ ప్రమాణం) రకం. 40 గ్రేడు ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సుల చిక్కదనంలో ఉండాలని ప్రమాణం, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9. యజమానికి ఇక్కడ సందేహం వచ్చింది. "పలచని ఆయిల్‌తో పాత ఇంజిన్ అరిగిపోదా?" ఇంజిన్ రూపకర్తలు లెక్కవేసింది సరైన వేడిలో ఉన్న 40 గ్రేడుకు అని చెప్పాను. 78 డిగ్రీల దగ్గర ఆగిపోయిన 50 గ్రేడు వాళ్ళు అనుకున్నదానికంటే ఎంతో చిక్కన. తక్కువ ప్రెషర్‌తో నడిచే ఈ ఇంజిన్‌లో స్టార్ట్ చేయగానే క్యామ్‌లకు త్వరగా చేరే ఆయిలే దానికి ఆయుష్షు.

ఆయన చివరగా అడిగింది థర్మోస్టాట్ పెట్టి కూలర్‌ను ఉంచుకోవచ్చా అని. ఉంచుకోవచ్చు. 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునే థర్మోస్టాట్ అడాప్టరు పెట్టి, కనెక్షన్లు పైకి తిప్పి, కూలర్‌ను హెడ్డుకు ఎదురుగా కాకుండా కిందికి దించితే తప్పులన్నీ పోతాయి. ఏడాదంతా బరువుతో ఘాట్లు తిరిగే మనిషైతే నేనే అలా చేసిచ్చేవాణ్ణి. ఈయన వాడకానికి అది నాలుగు జాయింట్లూ రెండు గొట్టాలూ అదనంగా మోయడమే, ప్రతిదీ ఏదో ఒక రోజు కారే చోటే. తీసేయమని సలహా ఇచ్చాను.

ఈ కేసు చదివి ఎవరూ తమ బండి కూలర్ విప్పబోకూడదు కాబట్టి ఇది చెప్పాలి. కంపెనీ బిగించి పంపిన కూలర్ వేరు, తర్వాత ఎవరో తగిలించింది వేరు. 1985లో వచ్చిన సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 ఇంజిన్ పేరుకు గాలితో చల్లబడేదిలా కనిపించినా, నిజానికి ఆయిల్‌తో చల్లబడేది. పిస్టన్ల అడుగున ఆయిల్ ధారలు చిమ్ముతుంది, హెడ్డు మీద ఆయిల్ పారించి వేడిని లాగుతుంది. అక్కడ కూలర్ అంటే కార్లలో రేడియేటర్ లాంటిదే, తీస్తే ఇంజిన్ పోతుంది. తర్వాత వచ్చిన సుజుకి బాండిట్ 600, 1200ల్లో ఆయిల్‌తో చల్లబడే మోడళ్ళూ ఆ కోవలోవే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్ కూడా కూలర్‌ను లెక్కలో పెట్టుకుని రూపొందించిన ఇంజినే. బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్, ఆర్100ఆర్‌టీలకు ఆయిల్ కూలర్ ఇచ్చిన సందర్భం ఇంకొకటి. ఒంటి నిండా ఫెయిరింగ్ (గాలిని పక్కకు మళ్ళించే తొడుగు) ఉన్న ఆ బళ్ళలో ఇంజిన్‌కు గాలి అందే తీరు మారుతుంది, ఎక్కువసేపు వేగంగా నడుస్తాయి. అలాగే సిలిండర్లు బోర్ చేయించి, కంప్రెషన్ పెంచి, రేసులకు వాడే జీఎస్1000కు కూలర్ ఉండి తీరాలి. పుట్టే వేడి పెరిగినప్పుడు పోయే దారి కూడా పెరగాలి.

ట్రాఫిక్‌లో నిలబడి ఇంజిన్ ఉడికిపోతుంటే కూలర్ కంటే మంచి పరికరం ఇగ్నిషన్ తాళం. సిగ్నల్ ఎక్కువసేపు పడుతుందనిపిస్తే ఆపేయడమే.

కూలర్‌తో పాటు అడాప్టరు, గొట్టాలు కూడా తీసేసి, జీఎస్‌కు వచ్చే అసలు ఫిల్టరు మూతను కొత్త ఓ-రింగుతో బిగించాం. గొట్టాలను కలిపి బైపాస్‌లా వదిలేయడం నాకు నచ్చదు, అది కూడా అనవసరమైన జాయింటే. బండి తర్వాతి సర్వీసుకు వచ్చినప్పుడు స్టార్ట్ చేస్తే ప్రెషర్ లైటు వెంటనే ఆరింది. గాజు కిటికీ తేటగా ఉంది. ఫిల్టరును కోసి మడతలు విప్పి చూస్తే మెరిసే లోహపు రజను లేదు, మామూలు నల్లటి మడ్డే ఉంది. క్యామ్ మూతలు విప్పి చూస్తే ఒక జర్నల్ (క్యామ్ బేరింగులో తిరిగే భాగం) మీద పాత సన్నని గీతలు కనిపించాయి. గోటికి తగలనంత లోతే, కాబట్టి అలాగే ఉంచాం. వాటిని వచ్చే వాల్వు సర్దుబాటు సమయంలో మళ్ళీ చూడాలని సర్వీసు పుస్తకంలో రాశాను. ఘాట్ ప్రయాణాలు ఎక్కువగా ఉన్న ఏడాది ఆయిల్‌ను గడువుకంటే ముందే మార్చమని యజమానికి చెప్పాను. డ్రెయిన్ బోల్టులోని సెన్సార్‌ను మాత్రం తీయనివ్వలేదాయన. దాని మీటరును హ్యాండిల్ దగ్గర బిగించమన్నారు, బిగించి ఇచ్చాను.